ఒకసారి పెన్ను ఇస్తారా?

అబ్బబ్బ, తలుపు తీయండి వదినగారూ! పెట్టె సర్దుతున్నారని తెలుస్తూనే ఉంది, ఆ జిప్పు చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తోంది. దర్జీదాన్ని, నాకు తెలీదా? మరీ లాగకండి, ఊడి చేతికొస్తుంది.

ఏం చేశానని ఇంత అలక? పెన్ను లాక్కున్నాను. అవును, లాక్కున్నాను! మీరు సూది బిగించి పొట్టకి పెట్టుకోబోతుంటే గద్ద కోడిపిల్లని తన్నుకుపోయినట్టు తన్నుకుపోయాను. "ముట్టుకోకండి, నాది!" అని అరిచాను కూడా. అదీ అన్నయ్యగారి ముందు, మీ అమ్మాయి ముందు. కూతుర్నిచ్చిన ఇంట్లో వియ్యపురాలు అంత మాటంటే ఎవరికి మండదు? నేనైతే పెట్టెతో పాటు మంచం కూడా పట్టుకుపోయేదాన్ని.

అయినా తప్పంతా ఆ పేరుదండీ. పెన్నట, పెన్ను! పొట్టపోటు అనో ఇంకేదో అనో అనుంటే మీరు అడిగేవారా, నేను ఇచ్చేదాన్నా? మీది ఊళ్ళో మర్చిపోయి వచ్చి, బ్యాంకులో పక్కవాళ్ళని అడిగినట్టు "ఒకసారి పెన్ను ఇస్తారా వదినగారూ" అన్నారు. దానికేం భాగ్యం అని ఇచ్చేశాను. ఇన్సులిన్ ఇద్దరికీ ఒకటే, సూది కొత్తది మార్చాం, ఇంకేం కావాలి? మా కొట్లో ఒక్క మిషను మీద ముగ్గురం కుడతాం. సూది విరిగితే సూది మారుస్తాం. మిషనెవరైనా మారుస్తారా?

నవ్వుతున్నారు కదూ? దగ్గా? సరే, దగ్గే అనుకుంటాను.

ఈ నాలుగు రోజులూ ఎంత సరదాగా గడిచాయండీ! మొన్న మీకు షుగరు నాలుగు వందలు చూపించగానే అన్నయ్యగారు చొక్కా తిరగేసి తొడుక్కుని డాక్టరు కోసం పరిగెత్తలేదూ? తీరా చూస్తే వేలికి తేనె! సబ్బుతో కడిగి, తుడిచి, మళ్ళీ పొడిస్తే నూట ముప్పై. దొంగచాటుగా సీసాలో వేలు పెట్టిందెవరో నేను ఎవరికైనా చెప్పానా?

ఇంతకీ పొద్దున సూదులు కొందామని మందుల షాపుకెళ్ళాను. "మా వియ్యపురాళ్ళిద్దరికీ ఒకటే పెన్ను, మాది అంత ఐకమత్యం" అని కౌంటరు దగ్గరమ్మాయితో గొప్పలు పోయాను. ఆ అమ్మాయి నోరెళ్ళబెట్టింది. "అయ్యో ఆంటీ, సూది మార్చినా లాభం లేదు. పొడిచినప్పుడు కంటికి కనపడనంత రక్తం వెనక్కి, మందులోకి పోవచ్చు. ఆ పెన్నూ, వేలు పొడుచుకునేదీ ఎవరిది వాళ్ళకే ఉండాలి" అంది. "మీలో ఎవరికైనా లివరు జబ్బుందా?" అని కూడా అడిగింది.

"మా వదినగారికి అలక జబ్బు తప్ప ఇంకేం లేదమ్మా" అని జోకేశాను. నవ్వుకుంటూనే మెట్లు దిగాను. సగం దారిలో ఆ అమ్మాయి అడిగింది మళ్ళీ గుర్తొచ్చింది. పరుగున వచ్చేసరికి మీ చేతిలో అదే పెన్ను.

ఇదిగో, మీకు కొత్తది తెచ్చాను. పెట్టుకోవడానికి సంచి కూడా కుట్టాను, మీకు ఎరుపు, నాకు నీలం. వాడేసిన సూదులకి మూతున్న గట్టి డబ్బా. కుడుతూ కుడుతూ అలవాటుగా గుండుసూది పళ్ళ మధ్య పెట్టుకుని, ఛీ ఛీ అని ఊసేశాను. అరగంట సంచులెందుకు కుట్టావంటే ఏం చెప్పను? మీ దగ్గరికి రావడానికి ధైర్యం చాలక.

తలుపు తీయకండి, అలాగే వినండి. మీ మొహం చూస్తే చెప్పలేను.

ఆమధ్య మా కొట్టు పక్కన రక్తదానం పెట్టారు. తగుదునమ్మా అని వెళ్ళాను. తర్వాత పిలిచి, "మీ రక్తంలో కామెర్ల వైరస్ ఉంది. మీరు డాక్టరుకి చూపించుకుంటూ ఉండండి, రక్తం మాత్రం ఎవరికీ ఇవ్వకండి" అన్నారు. సరే, మానేశాను. రక్తం ఇవ్వొద్దన్నారు గానీ పెన్ను ఇవ్వొద్దనలేదుగా!

మీది నాకంటుతుందని లాక్కున్నాననుకున్నారు మీరు. కాదండీ. నాది మీకంటుతుందని.

ఇప్పటికే అంటిందో లేదో తెలీదు. షాపమ్మాయి దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. వెంటనే ఆసుపత్రికెళితే రక్తం చూసి, అంటకుండా ఇంజెక్షన్ ఇస్తారట, ఆలస్యం మాత్రం చేయకూడదట. బండి గుమ్మంలో ఉంది. నోరు పెగలకే ఇంతసేపూ ఈ వాగుడు.

మనిద్దర్నీ చూసి అందరూ "అచ్చం రక్తసంబంధంలా ఉందే" అంటుంటే మురిసిపోయేదాన్ని. ఇప్పుడు ఆ సంబంధం కలవకుండా చూడమని దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను. తిట్టండి, కొట్టండి, కావాలంటే ఆ పెట్టెతోనే రండి, ముందు బండెక్కండి.

హమ్మయ్య, గొళ్ళెం తీశారు... అదేంటండీ, ఏడుస్తున్నారా, నవ్వుతున్నారా?

ఏంటీ? ఆసుపత్రిలో పేరు రాయడానికి ఒకసారి పెన్ను ఇస్తానా?

రాసే పెన్నేగా! తీసుకోండి తల్లీ, అది మీరే ఉంచుకోండి.