చెప్పని మేలు

మోక ఊళ్ళో ఒక మధ్యాహ్నం. బడి టీచరు యూనీస్, నాగలక్ష్మమ్మ ఇంటి మెట్టు దగ్గరే నిలబడి ఉంది. లోపలికి రమ్మని ఆ పెద్దామె అనలేదు.

“టీసీ ఇచ్చేయమ్మా అంటే ఇచ్చేయాల. మళ్ళీ ఇంటిదాకా వచ్చి మాటలేంది?”

“ఒక్క మాట అవ్వా. చెప్పేసి పోతా.”

“నీ మాటలు నీ నాలుగో తరగతి పిల్లోళ్ళకు చెప్పుకో టీచరమ్మా. నా మనవరాలు ఇంక ఆ బడికి రాదు. సిరుగుప్పలో దాని మేనత్త ఉండాది. ఆడ చేర్పిస్తాం.”

“రోహిణి యాడుండాది?”

“ఉండాది.”

“కనపడలేదే.”

“పశువుల కొట్టంలో ఉండాది. ఆడే తింటాది, ఆడే పండుకుంటాది. దాని తట్ట వేరే, చెంబు వేరే. మఠం అయ్యనోరు వచ్చి విభూతి పెట్టేదాకా నా వంటింటి గడప తొక్కనియ్యను.”

“అయ్యో అవ్వా! చిన్న పిల్ల!”

“చిన్నదే! మెడలో లింగముండే ఇంట్లో పుట్టింది. మా అత్త కాలం నుంచి ఈ గడపలోకి నీచు రాలా. పెన్సిలు చెక్కి పెడదామని దాని కంపాసు డబ్బీ తీస్తే, అందులో గుడ్డు! ఉడకబెట్టిన గుడ్డు! ఈ చేత్తో ముట్టుకున్నా. తలుచుకుంటే ఇప్పుడూ ఒళ్ళు జలదరిస్తాది. నీకేం తల్లీ, మీ ఇండ్లల్లో తింటారు.”

“తింటామవ్వా. పాప ఏమనింది?”

“నోరు తెరిస్తే గదా! తిన్నావా అంటే ఉలకదు. ఎవరిచ్చినారే అంటే పలకదు. చింతబర్ర తీసుకున్నా. కొట్టినా. ఆ, కొట్టినానమ్మా, ఏం? తల్లి పోయిన బిడ్డని, ఇన్నేండ్లలో ఒక్క దెబ్బ వేసెరగను నేను.”

“ఆ పొద్దు నాకు ఫోన్ చేసినారు గదా.”

“చెయ్యనా మరి? నువ్వేమంటివి? మీ పాప దినామూ గుడ్డే తీసుకుంటాది, పండు వద్దంటాది, అని నీ నోటితోనే అంటివి గదా.”

“అన్నాను.”

“మధ్యాహ్నం బడిలో పెట్టే బిసియూటలో తినేవోళ్ళకు గుడ్డు, తిననోళ్ళకు అరటిపండు, చెయ్యెత్తండి అంటే మీ రోహిణి గుడ్డుకే ఎత్తింది, అంటివి.”

“ఎత్తింది అవ్వా. ఎత్తింది నేను చూసినా. తినింది మాత్రం చూడలా. చూడకుండానే మీకు చెప్పేసినా.”

“తినకుండా ఏం చేస్తాది? పూజ చేస్తాదా గుడ్డుకు?”

“మౌనేశ్‌కి ఇస్తాండాది.”

“ఎవరికి?”

“మౌనేశ్. దాని పక్కనే కూర్చుంటాడు. వాళ్ళమ్మ హగరి ఏటి పక్కన ఇటుకల బట్టీకి పోతాండె. టీబీ వచ్చి మంచాన పడింది. దినామూ గుడ్డు పెట్టమని డాక్టరు చెప్పినాడంట. ఇంట్లో యాడిది గుడ్డు? వీడు బడిలో ఇచ్చింది తినకుండా జోబిలో వేసుకొని అమ్మకు తీసకపోతాడు. తాను వట్టి సాంబారన్నం తింటాడు.”

“అయితే?”

“అయితే, అది మీ పాప చూసింది. వాడిది వాళ్ళమ్మకు, తనది వాడికి. ఇంక తనకు పండూ లేదు, ఏమీ లేదు.”

“నీకెవరు చెప్పినారు ఇదంతా?”

“వాడే. నిన్న ఏడ్చుకుంటా చెప్పినాడు. ఆ పొద్దు జ్వరమొచ్చి వాడు బడికి రాలా. అయినా వాడికని తీసి దాచిపెట్టింది, అది డబ్బీలోనే ఉండిపోయింది.”

“అబద్ధం.”

“నా బిడ్డల మీద ఒట్టు అవ్వా.”

“అబద్ధమే! నిజమైతే చెప్పేకి దానికేమొచ్చింది? నోరు లేదా? అంత కొడతాంటే, ‘అవ్వా, నేను తినలా’ అని ఒక్క మాట అనింటే, నా చెయ్యి ఆగకపోవునా? ఒక్క మాట!”

“నేనే వద్దన్నాను.”

“ఏమంటివి?”

“నేనే... చెప్పొద్దన్నాను. రోహిణికని కాదు. క్లాసులో అందరికీ. పిల్లోళ్ళకు మంచితనం నేర్పాలని ఒక ఆట పెట్టినా.”

“ఆటా?”

“మొదట ఎవరెవరు ఏమేం మేలు చేసినారో పొద్దున్నే ప్రేయర్‌లో నిలబడి చెప్పమంటి. చప్పట్లు కొట్టిస్తిని. ఇంకేముంది! ఒకర్నొకరు తోసేది, మళ్ళీ వాళ్ళే లేపేది. భీమేష్ అని ఒకడున్నాడు, వాడైతే పక్కోడి చెప్పు దాచిపెట్టి, వాడే వెతికిచ్చినాడు.”

“పిల్లోళ్ళు గదా.”

“అందుకే మార్చినా. మేలు చెయ్యండి, ఎవరికీ చెప్పొద్దండి అన్నా. ఇంట్లో చెప్పొద్దు, నాకూ చెప్పొద్దు. చెప్పినారో, పాలు విరిగినట్టు విరిగిపోతాది, ఎవరికి చేసినారో వాళ్ళకు అందకుండా పోతాది అన్నా. నవ్వుతానే అన్నానవ్వా. తక్కినోళ్ళంతా బెల్లు కొట్టేలోపల మర్చిపోయినారు. ఇదొక్కటే...”

“ఇదొక్కటే పట్టుకొనింది.”

“ఊఁ.”

“శివశివా! పిక్కల మీద వాతలు తేలినాయి టీచరమ్మా. రాత్రి పసుపు రాద్దామని పోతే కాలు వెనక్కి తీసుకునింది. పొగరనుకున్నా. ఇంత పిల్లకు ఎంత పొగరు అనుకున్నా. ఏం పని చేసినా నేను! ఏం పని చేసినా!”

“ఏడవద్దు అవ్వా.”

“ఏడవక? ఆ పొద్దు నుంచి దానికి మాట లేదమ్మా. నాతో లేదు, వాళ్ళ నాయనతో లేదు. దీని తల్లి కూడా అట్లే జబ్బుతో మంచాన పడి పోయింది. ఇది ఆ మంచం కాడే ఉండె, ఇంత పిల్ల. అది తలుచుకునే ఆ పిల్లోడికి పెట్టింటాది. లోపలికి రా. ఏయ్, నిలబడతావేంది, రామ్మా. నువ్వు తింటే తింటివి, రా. రోహిణీ! రోహిణీ! ఇట్లా రా తల్లీ! మీ మిస్సు వచ్చింది చూడు.”

“రామ్మా రోహిణీ. భయం లేదు. ఎవరూ కొట్టరు.”

“కొట్టను బంగారూ. నా చెయ్యి పడిపోను, ఇంక కొట్టను. మిస్సు నాకంతా చెప్పింది. నువ్వు తినలేదని చెప్పింది. మౌనేశ్‌కి పెట్టినావని చెప్పింది, వాళ్ళమ్మ సంగతి చెప్పింది. అంతా తెలిసింది నాకు. దా, నా ఒళ్ళో కూర్చో. అయ్యనోరూ వద్దు, ఏమీ వద్దు. రేపట్నుంచి బడికి పోదువు.”

“అవ్వకు కోపం లేదమ్మా. నువ్వెంత మంచి పని చేసినావో అవ్వకు తెలిసిపోయింది.”

“ఏడుస్తాండాదే! ఇంకా ఎందుకు ఏడుస్తాండావు తల్లీ? ఒక్క మాట మాట్లాడు. నాతో వద్దులే, మీ మిస్సుతో మాట్లాడు. ఒక్క మాట.”

“మిస్...”

“చెప్పు నాన్నా. చెప్పు.”

“అవ్వ ఎంత కొట్టినా నేను చెప్పలా మిస్. మీరు చెప్పేసినారు. ఇంక మౌనేశ్ వాళ్ళమ్మ కూడా మా అమ్మ మాదిరి పోతాదా?”