ఐలన్న పోసిన పసరు

ఇస్నాపూర్‌లో పుష్పమ్మ టీకొట్టు దగ్గర ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్లు నలుగురు చేరితే చాలు, బాయిలర్ కాడ పనిచేసే ఐలన్న నోరు ఊరుకోదు. ఆ పూట మాట కామెర్ల మీదికి మళ్లింది.

“మా హత్నూర బామ్మర్దికి కామెర్లయితే పసరు పోసింది నేనే. కండ్లల్ల రెండు సుక్కలు, గంతే. తెల్లారి లేసి నాగలి కట్టిండు.”

“కళ్లల్లోనా!” అన్నాడు చలపతిరావు. గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, దేనికైనా ఇట్టే ఆశ్చర్యపోతాడు. ఐలన్నకు కావలసింది సరిగ్గా అలాంటివాడే.

“ఇను సారూ, అసలు కత ఇప్పుడుంది. కండ్లల్లకెళ్లి పసుపు కారుడు సురువైంది. బిందె నిండింది, వాకిట్ల పారింది. మా అత్త గా పసుపుతోని ఊళ్లె గడపలన్ని పూసింది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? పక్కూళ్లె ఒకడు కామెర్లతోని సచ్చి పాడె మీదున్నడు. నేను పోయి ‘జెర ఆగుండ్రి’ అని ముక్కుల రెండు సుక్కలు ఏసిన. లేసి కూసున్నడు! ‘డప్పు గట్ల కాదుర కొట్టుడు’ అని గుంజుకొని, వాడే కొట్టుకుంట ఇంటికొచ్చిండు.”

“మరి పాడె?”

“మంచం చేసుకున్నడు. ఇప్పటికీ దాని మీదనే పంటడు. ఇగ పట్నం పెద్ద డాక్టరు కారేసుకొని వచ్చి, నా కాళ్లు మొక్కి, సూదులు గోళీలు మా బాయిల పారబోసిండు. గా బాయిల కప్పలకు ఇయ్యాల్టిదాక జొరమే రాలే!”

అందరూ నవ్వారు, ఒక్క లింగం తప్ప. ఆటో కోసం రోడ్డు మీదికొచ్చి, ఈ మాటలు చెవిన పడి ఆగిపోయిన ఐలన్న పక్కింటి కుర్రాడతను.

“అన్నా, నడువు. మా ఇంటామె సుమిత్రకు కామెర్లు. ఏడో నెల. అన్నం ముడ్తలేదు, మంచం దిగుతలేదు. దవాఖానకు తీస్కపోదామని ఆటోకొచ్చిన. నువ్వుండంగ దవాఖాన ఎందుకు? జల్దీ నడువు, పసరు పొయ్యి.”

 ఏ ఆకు పసరో కూడా ఐలన్నకు తెలియదు. ఆనాడు పోసినవాడు ఎవరో ముసలాయన. ఐలన్న బామ్మర్ది చేతులు కదలకుండా పట్టుకున్నాడంతే. కళ్లు మండి వాడు పెట్టిన కేకలు ఇప్పుడు మళ్లీ చెవుల్లో మోగాయి.

“ఇప్పుడు... ఆకు దొరకదు తమ్మీ.”

“ఏ ఆకో చెప్పు, యాడున్నా తెస్త.”

లింగం కళ్లలో ఆశ చూశాడు ఐలన్న. ఒక్క ఉరుకున రోడ్డు మీద పడి, వస్తున్న ఆటోకు అడ్డం నిలబడ్డాడు.

“ఆపు! సంగారెడ్డి దవాఖానకు! తమ్మీ, ఎక్కు. ముందు మీ ఇంటికి పోయి పిల్లను ఎక్కించుకుందం. నెత్తురు పరీక్ష చేపియ్యి, డాక్టరు ఏదిస్తె గదే మింగియ్యి. నీ కాల్మొక్త, ఎవ్వల పసరూ పొయ్యనియ్యకు!”

పుష్పమ్మ గరిటె పట్టుకొని బయటికొచ్చింది. “ఏంది ఐలన్నా! సచ్చినోన్ని లేపినోనివి, బతికున్న పిల్లకు రెండు సుక్కలు పొయ్యలేవా?”

కొట్టంతా గొల్లుమంది. లింగాన్ని లోపలికి నెట్టి, తానూ డ్రైవర్ పక్కన ఇరుక్కుంటూ ఐలన్న తల బయటికి పెట్టాడు.

“సచ్చినోనికి మందు వికటిస్తె పోయేదేముంది పుష్పమ్మా! బతికున్నోళ్లతోనే భయం!”