మూత పెట్టిన సీసా

ఎనభైల నాటి కరువు ఏడాది. ఆదోనిలో పై వీధీ కింది వీధీ కొట్లాట మానుకుని, నడిమి గోడ మీద కలిసి బొమ్మలు వేసి నెల కాలేదు. గోడ కింద, బడి టీచరమ్మ చెప్పినట్టు అందరూ తలా ఒక చెయ్యి వేసి మొక్కలు నాటి, మూత బిగించిన పెద్ద గాజు సీసా ముందు పై వీధి పెద్దాయనా, కింది వీధి మేస్త్రీ నిలబడ్డారు.

"అన్నీ కుళ్లిపోయినాయి. మీ కింది వీధోళ్లు ఏం పోసినారప్పా దీంట్లో?"

"నీళ్లేన్నా. మొక్క ఎండిపోతాదంటే సూస్తా ఊరుకుంటామా? మీరు ఎట్లాగూ పోయరని పోసినాం."

"మేము దినామూ పోస్తానే ఉంటిమి! మీరు పోయరని."

"మూత తీయొద్దు, లోపలి తేమే సాలని టీచరమ్మ సెప్పింది గదా?"

"సెప్పింది. మరి మీరెందుకు తీసినారు?"

"మీరెందుకు తీసినారో అందుకే."

"మీరే సంపినారని మా పిల్లోళ్లు పొద్దున్నే బొమ్మల మీద సున్నం కొడతారంట."

"మావోళ్లు అప్పుడే సున్నం నానబెట్టినారు."

"అయితే ఇను. నువ్వు మా వీధికొచ్చి తప్పు మీదని ఒప్పుకో. నేను మీ వీధికొచ్చి మాదని సెప్తా."

"ముందు నువ్వు రాన్నా."

"నేనొచ్చి సెప్పినాక నువ్వు రాకపోతే?"

"సరే, ఇద్దరం ఒకేసారి పోదాం. నడువు."

"నువ్వు కదిలితే గదా."