క్యాంపాఫీసులో నా ఇంగ్లీషు

ఎనభై మూడులో, ఓడలరేవులో గంగరాజు టీకొట్టు దగ్గర, అమలాపురం కాలేజీ కుర్రాడు దేవసహాయం, అంటే నేను, పలికిన మాటలివి. సిగ్గు నాదే కాబట్టి ఒక్కటీ దిద్దడం లేదు.

"పెద్ద ఘనకార్యమేం కాదు గంగరాజు గారూ. మూడు నెలల కిందట చమురు వెతికే పడవ మన వలలు చింపేసింది కదా, ఇవాళ వలలు పోయిన సత్తెమ్మ గారినీ మరో నలుగురు ఆడవాళ్ళనీ వెంటబెట్టుకుని వాళ్ళ క్యాంపాఫీసుకి వెళ్ళేను. దోపిడీదారుణ్ణి వాడి భాషలోనే నిలదియ్యాలి. అందుకే ఈ మూడు నెలలూ లైబ్రరీలో కూర్చుని ఆఫీసు ఇంగ్లీషు పుస్తకం బట్టీ పట్టేను. ఆడవాళ్ళని బయట ఉంచి, ఒక్కణ్ణే లోపలికెళ్ళి, 'ది బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్' అన్నాను. అంటే, తేల్చాల్సింది ఇక మీరే అని. ఆఫీసరు కుర్చీలోంచి లేచిపోయేడు."

"ఆయ్," అన్నాడు గంగరాజు, టీ వడపోస్తూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'వి మీన్ బిజినెస్' అన్నాను, మేం ఊరికే రాలేదని. పక్క గదుల్లోంచి పన్నెండుమంది ఇంజనీర్లు పరిగెత్తుకొచ్చి కాగితాల మీద రాసుకోవడం మొదలెట్టేరు. అందులో లండన్లో చదివినాయన, ఇలాంటి ఇంగ్లీషు అక్కడా వినలేదండీ అని కళ్ళు తుడుచుకున్నాడు."

"టీ చల్లారిపోతోందండీ," అన్నాడు వల అల్లుకుంటున్న సూరిబాబు.

"శ్రామికుడి గొంతు లేస్తే సముద్రమే చల్లారిపోద్ది సూరిబాబూ, టీ ఎంత. బొంబాయికి ఫోను కొట్టేరు, బొంబాయి వాళ్ళు ఢిల్లీకి కొట్టేరు, నేను ఫోన్లోనే 'కట్ ద రెడ్ టేప్' అన్నాను, ఫైళ్ళ వంకతో నాన్చొద్దని. అంతే, నడిసముద్రంలో ఆ పడవ ఇంజను దానంతటదే ఆగిపోయింది. కెప్టెను జెండా దించేసి, కొత్త వలలు నెత్తిన పెట్టుకుని ఒడ్డుకి ఈదుకొస్తున్నాడంట."

"ఆఫీసరు గారిది మన జిల్లాయే, కె.గంగవరం బాబూ."

సత్తెమ్మ ఎప్పుడొచ్చిందో, బల్ల చివర కూర్చుని ఉంది.

"మీరు వెళ్ళిపోయేక ఆయన బయటికొచ్చేరు. 'మీ అబ్బాయి ఏదో పాఠం అప్పజెప్పి వెళ్ళేడమ్మా, తెలుగులో చెప్పు బాబూ అన్నా వినిపించుకోలేదు, ఎందుకొచ్చేరు మీరు?' అనడిగేరు. మేమే చెప్పేం."

నేను గ్లాసు కింద పెట్టేను.

"చిరిగిన వలలకి డబ్బులిచ్చే లిస్టు పోయిన నెలే ముగించేశారంట. మేం అప్పుడే వెళ్తామంటే, ఇంగ్లీషు రానీయండి, ఆగమన్నారు మీరు."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే కోపమైనా తెచ్చుకునేవాణ్ణి.

"అయినా పైవాళ్ళకి రాసి చూస్తానన్నారాయన. పోయినవి ఏ రకం వలలు, ఒక్కోటీ ఎన్ని బారల పొడవు అనడిగేరు." సత్తెమ్మ నా మొహంలోకి చూసింది. "మీకు తెలుసునా బాబూ?"

నాకు తెలీదు. మూడు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు.