సోఫా మీద కొండ దాటిన టైలరు

మా టైలరన్నకి నోరూ కాలూ ఒకేసారి ఆడవు. నోరు మొదలైందంటే మిషన్ తొక్కే కాలు టక్కున ఆగిపోతుంది. ఆ షాపులోనే ఓ మూల బల్ల వేసుకుని ఇస్త్రీ చేసుకునేవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. బట్టలు కోసేది తక్కువ, కోతలు కోసేది ఎక్కువ అని వీధంతా అంటుంది. అన్నకీ తెలుసు, పట్టించుకోడు.

ఆరోజు సాయంత్రం అన్న మేనకోడలు పెద్ద బ్యాగు ఒకటి చంకలో ఇరికించుకుని ఆయాసపడుతూ వచ్చింది. బేకరీలో పిండి కలిపే పని ఆ పిల్లది. కొండల మీదుగా నెలరోజుల పాటు నడిచే దారి ఒకటుంది, అది నడవాలని ఎప్పట్నించో పిచ్చి. ఓనరు కాళ్ళావేళ్ళా పడి సెలవు సంపాదించింది. నడవడానికి ఖర్చేమీ లేదుగానీ, నడక మొదలయ్యే చోటికి చేరడానికే తల తాకట్టు పెట్టాలి. కారు మాట్లాడుకుంటే నెలరోజుల తిండి డబ్బులూ దానికే సరి. చవగ్గా వెళ్ళేది ఒక్క బస్సే, అదీ వారానికోసారి, మా వీధి చివర ఆరింటికి ఆగుతుంది. అంతా సర్దుకుని భుజానికెత్తుకోబోతే బ్యాగు పట్టీ ఫట్టుమని ఊడొచ్చింది.

"మామయ్యా, ఈ పట్టీ ఒక్కటీ కుట్టిపెట్టు. బస్సుకింకా ముప్పావుగంటే ఉంది."

"చిటికెలో పని తల్లీ," అని అన్న పట్టీని సూది కింద పెట్టి నాలుగు కుట్లు వేశాడు. వేసి, ఊరుకోకుండా, "ఇంతకీ ఎక్కడికే ప్రయాణం?" అన్నాడు.

పాపం, ఆ పిల్ల చెప్పింది. కాలు ఆగిపోయింది.

"ఆ దారికా? బస్సులోనా? టికెట్టు కొనుక్కునా? అయ్యో పిచ్చితల్లీ, ముందే నన్నడగాల్సింది కదే! నీ వయసులో నేనూ వెళ్ళాను, జేబులో సగం దూరానికి సరిపడా డబ్బులేసుకుని బయల్దేరాను, తిరిగొచ్చేసరికి జేబు బరువుకి ప్యాంటు జారిపోతోందనుకో. ఎలాగంటావా?"

"అనలేదు మామయ్యా. కాలు."

"ఆఁ, కాలు." రెండు కుట్లు పడ్డాయి. "ఫర్నిచరు లారీలుంటాయి చూడు, సామాను దింపేసి ఖాళీగా తిరిగెళ్ళేవి. అలాంటిది ఒకటి ఆ కొండలవైపే వెళ్తోంది. డ్రైవరు దగ్గరికెళ్ళి, బాబూ నీ సీటు కవరు చిరిగింది, కుట్టిపెడతా, ఎక్కించుకుంటావా అన్నాను. సరేనన్నాడు. లారీలో ఎవరో వద్దని తిప్పి పంపిన సోఫా ఒకటుంది. కాలు మీద కాలేసుకుని దానిమీద కూర్చున్నాను. మంత్రులు కూడా అలా వెళ్ళరు."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నారు మాస్టారు. రిటైరయిన లెక్కల మాస్టారాయన. వేసుకున్న ప్యాంటే పొట్టి చెయ్యమని ఇచ్చేసి, ఒళ్ళో న్యూస్‌పేపరు పరుచుకుని స్టూలు మీద కూర్చున్నారు. లేచి వెళ్ళే దారి లేదు పాపం.

"ఇంకా వినండి మాస్టారూ! సోఫా సందుల్లో చెయ్యి పెట్టానా, చిల్లర. ఎవరెవరి జేబుల్లోంచి జారిందో, తీసేకొద్దీ వస్తోంది. సరే, అలా వెళ్తుంటే సగం ఘాట్‌రోడ్డులో టైరు ఢామ్మంది. స్టెప్నీ లేదు. డ్రైవరు రోడ్డు మీద కూలబడి ఏడుపు. నేను దిగాను. సూది ఉంది, దారం ఉంది, ఇంకేం కావాలి? కూర్చుని టైరు కుట్టేశాను."

"టైరునా?" అంది పిల్ల.

"టైరునే. డబుల్ కుట్టు. ఆ లారీ ఇప్పటికీ అదే టైరు మీద తిరుగుతోంది. కావాలంటే డ్రైవర్నడుగు."

"ఏ డ్రైవరు?"

"ఇప్పుడెక్కడున్నాడో నాకేం తెలుసు? వాడి సంగతి వదిలెయ్. ఆ తర్వాతేమైందో తెలుసా?"

పిల్ల గడియారం వంక చూసింది. అరగంట ఉంది. పట్టీ సగం కూడా కాలేదు. నా బల్ల దగ్గరికొచ్చి, "బాబాయ్, ఇలా అయితే బస్సు పోయినట్టే. సూదీదారం ఉంటే ఇవ్వండి, నేనే కుట్టుకుంటా," అంది గుసగుసగా.

"దళసరి పట్టీ అమ్మా, చేతిసూది దిగదు. అసలు సంగతి చెప్తా విను. మీ మామయ్య సంతోషంగా ఉన్నంతసేపూ కుట్టడు, అలిగితేనే కుడతాడు. ఆమధ్య నేను కాలరు వంకరగా వచ్చిందన్నానని మూతి ముడుచుకుని, ఒక్క పూటలో స్కూలు పిల్లల చొక్కాలన్నీ కుట్టిపారేశాడు."

"అంటే మామయ్యని నొప్పించాలా? నావల్ల కాదు బాబాయ్. నాన్న పోయాక నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి."

"అయితే వచ్చేవారం వెళ్ళు."

"వచ్చేవారానికి సెలవులో వారం పోతుంది, దారి పూర్తవదు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోనీ ఆ నొప్పించేదేదో మనమే చేద్దామని, "అన్నా, టైరెవరైనా కుడతారా? మరీ అంత కొయ్యకు," అన్నాను.

అన్న నవ్వేశాడు. "నీకు కాలరు వంకరో తిన్ననో కూడా తెలియదు, టైరు సంగతి నీకెందుకురా తమ్ముడూ? ఆగు, అసలు కథ ఇప్పుడే మొదలైంది. ఘాట్‌రోడ్డు పైకి వెళ్ళేసరికి వంతెన లేదు! వరదకి కొట్టుకుపోయింది. ఇవతల మేము, అవతల కొండ, మధ్యలో లోయ. డ్రైవరు లారీ వెనక్కి తిప్పుకుంటానన్నాడు. తిప్పుకోరా, నా సోఫా నాకు దింపెయ్ అన్నాను."

"అది నీ సోఫా ఎప్పుడయింది?" అన్నాను.

"కూర్చున్న దగ్గర్నించీ. ఏం చేశానంటావ్? లారీ మీది టార్పాలిన్ అడిగి తీసుకున్నాను, పాతదేలే, నాలుగు మూలలా తాళ్ళేసి సోఫాకి కుట్టేశాను. ఇంతలో గాలి! అలాంటిలాంటి గాలి కాదు, కొండమీద గొర్రెలన్నీ ఉన్ని లేకుండా మిగిలాయి. టార్పాలిన్ ఉబ్బింది. సోఫా లేచింది. నేను కాలు మీద కాలు తియ్యలేదు సుమా."

మాస్టారింక ఆగలేకపోయారు. "సోఫా బరువెంత, గుడ్డ వైశాల్యమెంత, ఏమన్నా లెక్కుందా నీకు?" అంటూ ఆవేశంగా లేచారు. పేపరు జారింది. మళ్ళీ అంత ఆవేశంగానూ కూర్చున్నారు.

"గాలికి లెక్కలు రావు మాస్టారూ! లోయ దాటాను, కొండ దాటాను, పక్కనించి విమానం పోతోంది, అందులో ఒకాయన కిటికీలోంచి చూసి, మీ సీటే బావుందండీ అని సైగ చేశాడు. టికెట్లు చూసే అమ్మాయి నావైపు అనుమానంగా చూసింది, నేను అటు తిరిగి పడుకున్నాను. దిగుదామంటే ఎలా దిగాలి? పళ్ళతో ఒక్కో కుట్టూ కొరుక్కుంటూ మెల్లగా, మెల్లగా దిగాను. దిగి చూద్దును కదా, బోర్డుంది. ఏమనుంది బోర్డు మీద?"

మాస్టారు ఒళ్ళో పేపరు సర్దుకున్నారు.

"దారి సమాప్తం అనుంది! గాలి నన్ను దారి చివర్న దించింది! నాకు కావలసింది మొదలు. అక్కడికి చేరాలంటే బస్సుంది, కానీ డబ్బు పెట్టడమెందుకని నడిచాను. కొండలన్నీ ఎక్కి దిగి, మొత్తం దారంతా వెనక నించి ముందుకి నడిచి, నెలరోజులకి మొదటికి చేరాను. పైసా ఖర్చు లేకుండా. చేరాక, సరే వచ్చాం కదా అని అక్కణ్ణించి నడక మొదలుపెట్టాను!"

ఆ మాట అంటున్నప్పుడు అన్న మొహం చూడాలి, నిజంగానే కొండెక్కి నిలబడ్డట్టుంది. నాకే నవ్వూ జాలీ కలిసి వచ్చాయి. గడియారంలో పావుగంట. పట్టీ ఇంకా సూది కింద వేలాడుతోంది.

పిల్ల మిషన్ దగ్గరికెళ్ళి నిలబడింది. పెదవి కొరుక్కుంది.

"మామయ్యా."

"చెప్పు తల్లీ."

"ఇంత దూరం ఇంత సులువుగా వెళ్ళొచ్చినవాడివి, అమ్మ పెళ్ళికెందుకు రాలేదు?"

అన్న తెరిచిన నోరు మూసుకున్నాడు.

"ఒక్కగానొక్క తమ్ముడివి. బస్సెక్కావట. రెండో స్టాపులోనే వాంతులు చేసుకుని దిగిపోయావట. దిగినచోటు నించి ఇంటికెలా రావాలో తెలియక నిలబడి ఏడుస్తుంటే పోస్టుమాన్ సైకిలు మీద ఎక్కించుకుని దింపాడట. అప్పట్నించి ఈ వీధి దాటలేదు నువ్వు. అమ్మ చెప్పింది."

మాస్టారు ఒళ్ళో పేపరు చదువుతున్నట్టు తల వంచుకున్నారు. నేను మడత పెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడత పెట్టాను.

అన్న మూతి ముడుచుకుంది. తల వంచాడు. కాలు కదిలింది.

ఇక చూడండి! ఆ మిషన్ అంత వేగంగా తిరగ్గలదని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. టకటకటకటక మని షాపు అద్దాలు అదిరాయి. ఒక వరస, దాని మీద ఇంకో వరస, అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఒకటి. రెండో పట్టీ తెగకపోయినా దాన్నీ కుట్టాడు. తలెత్తలేదు, ఒక్క మాట లేదు. దారం తెంపి, బ్యాగు పక్కకి జరిపి, గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

పిల్ల బ్యాగు భుజానికెత్తుకుని, వెనక నించి మామయ్య మెడ చుట్టూ చేతులు వేసింది. ఏడుస్తోంది. "నొప్పించాలని అనలేదు మామయ్యా. వేరే దారి దొరకలేదు."

అన్న గోడవైపే చూస్తున్నాడు.

"ఎంత గట్టిగా కుట్టావో చూడు. దీనికి నన్ను వేలాడదీసినా తెగదు."

అన్న మొహంలో ఏదో కదిలింది. పెదవులు బిగించాడు గానీ ఆగలేదు. మెల్లగా ఇటు తిరిగాడు.

"నువ్వేం లెక్కే? ఇలాంటి పట్టీతోనే ఒకసారి నేను పట్టాలు తప్పిన రైలింజన్ని..."

"పరిగెత్తమ్మా!" అని మాస్టారూ నేనూ ఒకేసారి అరిచాం, నేను పిల్లని గుమ్మం బయటికి తోసేశాను. వీధి చివర హారన్ మోగుతోంది. బ్యాగు ఎగిరెగిరి పడుతుంటే ఆ పిల్ల వెనక్కి చూడకుండా పరిగెత్తింది. బస్సు ఆగింది, ఎక్కింది, వెళ్ళిపోయింది.

రైలింజను మాత్రం మా ఇద్దరికీ మిగిలింది.