అభిరుచులు, ఊరికొకటి

ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఒక క్వార్టరు. ధౌలా కువాన్ దగ్గరి కాలేజీలో సెకండియర్ చదివే ఇషిత, రేపు కళావేదిక కార్యదర్శి పదవికి ఇంటర్వ్యూ ఉందని నాన్నతో అనవసరంగా అనేసింది. జవాన్లను ఆఫీసరు ఇంటర్వ్యూలకు తయారుచేయడంలో చేయి తిరిగిన సుబేదార్ లక్ష్మీపతి, భోజనాల బల్లకు అవతల కుర్చీ వేసుకున్నాడు.

“ఫారం మళ్ళీ చదవండి. అభిరుచులు?”

“సాహిత్యం, చిత్రలేఖనం, సంగీతం. నాన్నా, అడిగేది మా సీనియర్లే. ఇది ఫౌజ్ కాదు.”

“సార్ అను. ఫారంలో రాసిన ప్రతి మాటా మూడు ప్రశ్నలకు నిలబడాలి. లేదా కొట్టెయ్యాలి. సంగీతం అంటే?”

“వీణ, సార్. సికింద్రాబాద్‌లో ఎనిమిది నెలలు. జంట స్వరాలయ్యాయి, అలంకారాల్లో ఉండగా...”

“ఉండగా?”

“ఆపేశాను.”

“ఎందుకాపేశారు? బద్ధకమా?”

“అది... తర్వాతది అడగండి సార్.”

“బోర్డు ముందు నీళ్ళు నమలకూడదు. సరే, చిత్రలేఖనం?”

“జోధ్‌పూర్‌లో నీటిరంగులు. ఒంటెలు బాగా వేసేదాన్ని.”

“ఒంటెలేనా?”

“గుర్రాలు మొదలెట్టేలోపు సామాను ట్రక్కెక్కింది.”

“ఊఁ. సాహిత్యం?”

“తెలుగు కథలు.”

“నీకు తెలుగు చదవడం వచ్చా?”

“గుణింతాల దాకా. అంబాలాలో పక్కింటి కమలాకుమారి ఆంటీ నేర్పింది. ఒత్తుల దగ్గరికొచ్చేసరికి మనం అక్కడ లేం. ఇప్పుడు అమ్మ చదివితే వింటాను.”

“మూడూ కొట్టెయ్యి. ఒక్కటీ నిలబడదు.”

“కొట్టేస్తే నా పేరూ పుట్టినతేదీ మిగుల్తాయి. ఈ పదవి నాక్కావాలి నాన్నా.”

“అంతగా ఏముంది అందులో?”

“కాలేజీలో వీణ ఉన్న గది తాళంచెవి కార్యదర్శి దగ్గరుంటుంది. ఏడాదంతా.”

“ఏడాదంతానా?”

“వచ్చే మార్చి దాకా. ఏంటలా చూస్తున్నావ్?”

“ఏం లేదు. మీ అమ్మ పప్పు మాడ్చినట్టుంది.”

“అమ్మ మార్కెట్‌కెళ్ళింది. నాన్నా, ఎక్కడికి?”

“ఎక్కడికేంటి?”

“పోస్టింగ్.”

“...ఝాన్సీ. సోమవారం వచ్చింది ఆర్డరు.”

“అచ్ఛా. ఠీక్ హై.”

“ఇషితా...”

“కటవారియా సరాయ్‌లో అద్దెగది తీసుకుని ఒక్కదాన్నే ఉంటానంటే నువ్వొప్పుకోవు. రేపు వెళ్ళి ఏం లాభం? అటక మీది పెట్టెలు దించుతాను.”

“కూర్చో. ఇంటర్వ్యూ అవలేదు. వీణ ఎందుకాపేశారన్నదానికి జవాబు రాలేదు.”

“తెలిసీ ఎందుకడుగుతావ్?”

“నీ నోటితో చెప్పు. నన్నేదో అన్నట్టుంటుందని మింగేస్తున్నావు కదా? అను, పర్లేదు.”

“మా నాన్నకి బదిలీ అయింది. వీణప్పుడూ, ఒంటెలప్పుడూ, ఒత్తులప్పుడూ. నాకు ఏడుపొచ్చింది, సార్.”

“మంచి జవాబు. మూడు కాదు, ముప్ఫై ప్రశ్నలకు నిలబడుతుంది. రేపు ఇదే చెప్పు.”

“రేపు వెళ్ళనన్నాగా. పెట్టెలు దించాలి.”

“అన్నీ ఎందుకు? నీ డిగ్రీ అయ్యేదాకా ఈ క్వార్టరు ఉంచమని అడిగాను, పొద్దున మంజూరైంది. ఒక్క పెట్టె దించు చాలు, నాది.”