ఏట్లోకి తెరిచే గేటు

రంగుల అద్దకం మిల్లు వెనక, మురికినీళ్ళు శుద్ధిచేసే తొట్ల దగ్గర, తమ్ముడు ఏటి గేటు చక్రాన్ని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. మిల్లు యజమానురాలైన అక్క గొంతు తగ్గించి అంది.

"ఒక్క మూడు నెలలురా. శుద్ధి ఆపేసి నీళ్ళు నేరుగా ఏట్లోకి వదిలేద్దాం. ఆర్డర్లు సగానికి పడిపోయాయి, ఈ కరెంటు ఖర్చు తట్టుకోలేను."

"దిగువ ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళే తాగుతారక్కా."

"ఇక్కడ నలభై మంది పనివాళ్ళు వీధిన పడితే? ఊరంతా మిల్లులు మూతపడుతుంటే నీ ఒక్కడికేరా ఏరు గొడవ?"

"ఈ తొట్లు పట్టుబట్టి కట్టించింది నువ్వే కదా?"

"అప్పుడు కడుపు నిండి ఉంది."

ఆ మాటకి అతని మనసు చివుక్కుమంది. చక్రం వదిలేసి పక్కకి జరిగాడు.

"అయితే నువ్వే తిప్పు. నా చేత్తో మాత్రం తిప్పను."

ఆమె చక్రం పట్టుకుంది. తొట్టిలో నీలం నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. ఎంతసేపటికీ ఆమె చేతులు కదల్లేదు.

"వేరే దారేముందిరా?"

"వారానికి మూడు రోజులే నడుపుదాం. ఆ నీళ్ళు శుద్ధి చేస్తా. అందరికీ సగం జీతం, నాకూ అంతే."

"చంపేస్తారు మనల్ని," అంటూ ఆమె చక్రం వదిలేసింది.

"నేను చెప్తాలే వాళ్ళకి."

భోజనాల వేళకి షెడ్డులోకి అతనే ముందు నడిచాడు. నలభై మొహాలు అతనివైపు తిరిగాయి. "వారానికి మూడు రోజులే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. అక్క వచ్చి అతని పక్కన నిలబడింది.

"వాడేం చెప్పినా అది నా నిర్ణయం. తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి."